బియ్యం నుంచి సమతులాహారం దాకా: కరీంనగర్‌, ఆదిలాబాద్‌ ప్రాంతాలలో పోషకాహార కార్యక్రమాల తీరుతెన్నులు

(ప్రత్యేక వ్యాసం)

కరీంనగర్‌: ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు పెద్దలు. ఆ భాగ్యానికి పునాది పడేది తల్లి గర్భంలో. గర్భధారణ నుంచి బిడ్డకు రెండేళ్లు నిండే వరకు ఉండే వెయ్యి రోజులలో అందిన పోషణే ఆ బిడ్డ ఎత్తును, బరువును, బుద్ధి వికాసాన్ని, రేపటి సంపాదనా శక్తిని కూడా నిర్ణయిస్తుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఈ కారణంగానే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు దశాబ్దాలుగా ఆహార, ఆరోగ్య రంగాలలో అనేక కార్యక్రమాలు చేపట్టాయి. ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్‌, ఆదిలాబాద్‌ జిల్లాలలో ఈ కార్యక్రమాలు ఏ మేరకు ఫలితమిచ్చాయి, ఇంకా ఎక్కడ పట్టు చిక్కడం లేదు అన్న విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో పూర్వపు ఆదిలాబాద్‌ జిల్లా ఆదిలాబాద్‌, నిర్మల్‌, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్‌ జిల్లాలుగా ఏర్పడింది. పూర్వపు కరీంనగర్‌ నుంచి కరీంనగర్‌తో పాటు జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడగా, కొన్ని మండలాలు పొరుగు జిల్లాలలో కలిశాయి. గోదావరికి ఒక వైపు కాలువల కింద వరి పండే మైదానం, మరో వైపు అడవులు, గుట్టలు, గూడేలతో కూడిన గిరిజన ప్రాంతం. ఒకే నదికి ఇరువైపులా ఉన్న ఈ రెండు ప్రాంతాల ఆహార సమస్య పైకి వేర్వేరుగా కనిపించినా, మూలం ఒక్కటే కావడం గమనార్హం.

గణాంకాలు చెబుతున్నదేమిటి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగవ విడత 2015-16లో, అయిదవ విడత 2019-21లో జరిగాయి. అయిదవ విడతలో తెలంగాణలోని కుటుంబాల వివరాలను 2019లో సేకరించారు. ఈ రెండు సర్వేల మధ్య రాష్ట్రంలో వయసుకు తగిన ఎత్తు లేని అయిదేళ్లలోపు పిల్లల శాతం 28 నుంచి 33.1కి పెరిగింది. ఎత్తుకు తగిన బరువు లేని పిల్లలు 18 శాతం నుంచి 21.7 శాతానికి చేరారు. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లలలో రక్తహీనత 60.7 శాతం నుంచి 70 శాతానికి, గర్భిణులలో 48.2 శాతం నుంచి 53.2 శాతానికి పెరిగింది.

ఇవి కోవిడ్‌ రాకముందు నాటి లెక్కలు. పైగా ఆసుపత్రులలో ప్రసవాలు 97 శాతానికి చేరిన కాలమది. రేషను బియ్యం, అంగన్‌వాడీ భోజనం, బడి భోజనం మునుపటి కంటే విస్తృతంగా అందిన కాలం కూడా అదే. పంపిణీ పెరిగిన కాలంలోనే సూచికలు వెనుకకు వెళ్లడాన్ని పథకాల వైఫల్యంగా తేల్చివేయడం ఎంత తొందరపాటో, పంపిణీ లెక్కలు చూపి సంతృప్తి పడడం కూడా అంతే పొరపాటు. ఆకలిని తీర్చడం వేరు, పోషణను అందించడం వేరు. మొదటి పనిలో ప్రభుత్వ యంత్రాంగం చాలా వరకు కృతకృత్యమైనది. రెండవ పనికి అవే సాధనాలు చాలవు.

బియ్యం చేసిన మేలు

అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ఎన్‌.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రవేశపెట్టింది. మధ్యలో పెరిగిన ధరను 2008లో తిరిగి రెండు రూపాయలకు తగ్గించారు. 2011 నవంబరులో అది కిలో రూపాయి అయినది. తెలంగాణ ఏర్పడిన తరువాత 2015 జనవరి నుంచి కుటుంబానికి ఇంత అన్న పరిమితిని ఎత్తివేసి, ప్రతి వ్యక్తికి నెలకు ఆరు కిలోల చొప్పున ఇచ్చారు. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం పంపిణీ పథకాన్ని ప్రారంభించి, ఆ ఏప్రిల్‌ నుంచి చౌకధరల దుకాణాల ద్వారా ఉచితంగా అందజేశారు.

ఈ క్రమం సాధించిన ఫలితాన్ని తక్కువగా అంచనా వేయరాదు. వానాకాలంలో పనులు లేని రోజులలో, కొత్త పంట చేతికి రాని నెలలలో పేద ఇంటి పొయ్యి వెలగకపోవడమన్నది ఈ జిల్లాల పెద్దల జ్ఞాపకాలలో ఇప్పటికీ ఉన్నది. ఆ భయాన్ని పోగొట్టినది రేషను బియ్యమే. శ్రీరాంసాగర్‌ ప్రాజెక్టు కాకతీయ కాలువ, దిగువ మానేరు జలాశయం కరీంనగర్‌ ప్రాంతాన్ని వరి మాగాణిగా మార్చాయి. పండించిన ధాన్యాన్ని కొనుగోలు కేంద్రాలలో ప్రభుత్వం మద్దతు ధరకు కొనడం, ఆ బియ్యమే తిరిగి చౌకధరల దుకాణాలకు చేరడం ఒక పటిష్టమైన వ్యవస్థగా స్థిరపడినది.

అయితే ఈ వ్యవస్థ పళ్లెంలోని మిగిలిన వాటిని వెనుకకు నెట్టింది. చవకగా, నిలకడగా దొరికే ఒక్క ధాన్యం చుట్టూ భోజనం అల్లుకున్నప్పుడు పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పండు కొసరుగా మిగిలిపోతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో రోజువారీ శక్తిలో ధాన్యాల ద్వారా లభించేది 45 శాతానికి మించకుండా చూసుకోవాలని సూచించింది. మన ఇళ్లలోని పళ్లేలను ఈ కొలతతో చూస్తే సమస్య ఎక్కడున్నదో తెలుస్తుంది.

జొన్న గట్క స్థానంలో తెల్లన్నం

ఈ మార్పు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఆదిలాబాద్‌ ఏజెన్సీలో. 1940లో జోడేఘాట్‌ వద్ద కుమ్రం భీం అమరుడైన తరువాత గోండుల స్థితిగతుల అధ్యయనానికి వచ్చి, మార్లవాయిలో నివసించిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ రచనలలో ఈ కొండ ప్రాంత ప్రజల ప్రధాన ఆహారం జొన్నలేనని కనిపిస్తుంది. జొన్న గట్క, జొన్న రొట్టె, అంబలి, వాటితో పాటు చేలో అంతర పంటగా వేసిన కంది, పెసర, అనుములు, అడవిలో దొరికే ఆకులు, దుంపలు, ఇప్పపువ్వు, తునికి పండ్లు కలిసి ఒక సంపూర్ణ ఆహార పద్ధతిగా ఉండేవి.

తరువాతి దశాబ్దాలలో రెండు మార్పులు జరిగాయి. చేలలో జొన్న, కంది స్థానంలోకి పత్తి, సోయాచిక్కుడు వచ్చాయి. వంటింట్లో జొన్న స్థానంలోకి రేషను బియ్యం వచ్చింది. పత్తి చేతికి డబ్బునిస్తుంది కాని కడుపుకు తిండి పెట్టదు. బియ్యం దంచే శ్రమను, విసిరే శ్రమను తప్పించింది కాబట్టి మహిళలు సహజంగానే దానిని ఆదరించారు. అన్నం తినడం హోదాకు గుర్తు కూడా అయినది.

ఈ మార్పు వల్ల జరిగిన నష్టం ఎంతో లెక్క వేసి చూడవచ్చు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టిక ప్రకారం నూరు గ్రాముల పాలిష్‌ బియ్యంలో ఇనుము సుమారు 0.65 మిల్లీగ్రాములు, అంతే జొన్నలలో సుమారు 3.95 మిల్లీగ్రాములు. పీచు బియ్యంలో 2.8 గ్రాములైతే జొన్నలలో 10.2 గ్రాములు. నెలకు ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు. ఆ మేరకు బియ్యం తిన్న గర్భిణికి దాని ద్వారా లభించే ఇనుము 1.3 మిల్లీగ్రాములు మాత్రమే. ఆమెకు రోజుకు కావలసినది 27 మిల్లీగ్రాములు. జొన్నలలోని ఇనుము మొత్తం ఒంటికి పట్టదన్న మాట నిజమే. అయినా నిమ్మ, ఉసిరి, చింతచిగురు వంటి పులుపుతో కలిపి తిన్నప్పుడు శరీరం దానిని మెరుగ్గా గ్రహిస్తుంది. బియ్యం సన్నదైనా దొడ్డుదైనా ఈ విషయంలో పెద్ద తేడా ఉండదు. రుచిలో, గౌరవంలో తేడా ఉన్నది. దాని విలువ దానికి ఉన్నది. పోషణ సమస్యకు మాత్రం అది పూర్తి జవాబు కాదు.

అంగన్‌వాడీ: తల్లికి ఒక పూట భోజనం

తల్లీబిడ్డల పోషణ కోసం 1975 అక్టోబరు 2న దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులతో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం నేడు తెలంగాణలో 149 ప్రాజెక్టులు, 35,700 అంగన్‌వాడీ కేంద్రాల వ్యవస్థగా విస్తరించింది. దీని ఆధారంగా 2015 జనవరి 1న ఆరోగ్య లక్ష్మి పథకం అమలులోకి వచ్చింది. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలోనే అన్నం, పప్పు, ఆకుకూర లేక సాంబారుతో ఒక పూట సంపూర్ణ భోజనం, నెలకు 30 గుడ్లు, 25 రోజుల పాటు రోజుకు 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వడం ఈ పథకం స్వరూపం.

ఈ పథకానికి ముందు సరుకులు ఇంటికి ఇచ్చేవారు. ఇంటికి చేరిన పప్పు, నూనె ఇంటిల్లిపాదికీ వండబడేవి. చివరగా తినే కోడలికి దక్కేది అడుగున మిగిలినదే. కేంద్రంలో కూర్చోబెట్టి వడ్డించడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. భోజనంతో పాటే ఐరన్‌ మాత్ర కూడా అక్కడే వేసుకునే ఏర్పాటు చేశారు.

ఆచరణలో ఎదురయ్యే అడ్డంకులు కూడా ఇక్కడే ఉన్నాయి. పత్తి ఏరే రోజులలో, నాట్ల కాలంలో కూలికి వెళ్లే గర్భిణి మధ్యాహ్నం కేంద్రానికి రాలేదు. కేంద్రం ఊరిలో ఉండి, కొలాం గూడెం గుట్ట మీద ఉంటే నిండు చూలాలు రోజూ దిగి ఎక్కలేదు. 2023 నవంబరు 15న ప్రారంభమైన పీఎం జన్‌మన్‌ కార్యక్రమంలో కొలాం, తోటి తదితర ప్రత్యేక దుర్బల గిరిజన సమూహాల ఆవాసాలకు అంగన్‌వాడీ కేంద్రాలు, సంచార వైద్య సేవలను చేర్చడానికి కారణం ఈ దూరమే. కేంద్రం మంజూరు కావడం మొదటి మెట్టు. వాగు దాటి సరుకు చేరడం, కార్యకర్త అక్కడే నివసించడం తరువాతి మెట్లు.

ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు: కనిపించని ఖాళీ

పోషణ గొలుసులో అన్నిటికంటే బలహీనమైన లంకె ఆరు నెలల నుంచి రెండేళ్ల వయసు. ఆరు నెలల వరకు తల్లిపాలు చాలు. మూడేళ్లు నిండితే పిల్లవాడు అంగన్‌వాడీ కేంద్రంలో కూర్చొని తింటాడు. మధ్యలో ఉన్న బిడ్డ భోజనం పూర్తిగా ఇంటి చేతిలో ఉన్నది. ఏడు నెలల నుంచి మూడేళ్లలోపు పిల్లలకు ప్రభుత్వం నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు అందించే ఏర్పాటు చేసింది. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెతో తయారయ్యే బాలామృతం మంచి ఆహారం. కాని ఆ పొట్లం ఇంటికి చేరిన తరువాత దానిని ఎంత చిక్కగా కలిపారు, రోజుకు ఎన్నిసార్లు పెట్టారు, అన్నదమ్ములందరూ పంచుకున్నారా అన్న విషయం ఏ రిజిస్టరులోనూ కనిపించదు.

తల్లి కూలికి వెళ్లిన ఇంట బిడ్డను చూసేది నానమ్మో, ఎనిమిదేళ్ల అక్కో. వారు పెట్టేది పలుచని అన్నపు గంజి, లేదా దుకాణంలో అయిదు రూపాయలకు దొరికే చిప్స్‌ ప్యాకెట్‌. అది కడుపు నింపుతుంది, ఏడుపు ఆపుతుంది, బిడ్డను మాత్రం ఎదగనివ్వదు. ఎత్తు తగ్గిన పిల్లల శాతం పెరగడానికి కారణాలు వెతికేవారు ముందుగా చూడవలసిన చోటు ఇది.

తీవ్ర లోప పోషణకు గురైన పిల్లల కోసం అదనపు పోషకాలు గల బాలామృతం ప్లస్‌ను జాతీయ పోషకాహార సంస్థ, యూనిసెఫ్‌ సహకారంతో రూపొందించి, కుమ్రం భీం ఆసిఫాబాద్‌, జోగుళాంబ గద్వాల జిల్లాలలో తొలుత ప్రయోగాత్మకంగా అమలు చేశారు. దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్న బిడ్డను గుర్తించడానికి ఒక్క టేపు చాలు. ప్రతి నెలా ఆ టేపు వాడడం, బరువు తూచడం, పెరుగుదల పటంలో నిజమైన అంకె వేయడమే అసలు కార్యక్రమం. అంకె తప్పుగా పడితే బిడ్డకు అందవలసిన చికిత్స ఆగిపోతుంది.

బడి భోజనం, వసతి గృహాలు

సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఆదేశాల మేరకు రాష్ట్రంలో 2003 జనవరి నుంచి ప్రాథమిక పాఠశాలల్లో వండిన మధ్యాహ్న భోజనం ప్రారంభమైనది. 2008లో తొమ్మిది, పది తరగతులకు విస్తరించింది. 2015 జనవరి నుంచి తెలంగాణలో పాఠశాలలకు, వసతి గృహాలకు సన్న బియ్యం సరఫరా చేశారు. వారానికి మూడు గుడ్లు భోజన పట్టికలో చేరాయి. ప్రాథమిక స్థాయిలో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ప్రాథమికోన్నత స్థాయిలో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది జాతీయ ప్రమాణం.

ఆదిలాబాద్‌ ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాల అంటే విద్యార్థికి బడి మాత్రమే కాదు, ఇల్లు కూడా. మూడు పూటలా తినేది అక్కడే. 2024లో రాష్ట్రంలోని కొన్ని వసతి గృహాలలో విద్యార్థులు ఆహారం వికటించి అస్వస్థతకు గురైన ఘటనలు అందరినీ కలచివేశాయి. ఆ సంవత్సరమే ప్రభుత్వం భోజన చార్జీలను 40 శాతం పెంచింది. 3 నుంచి 7 తరగతుల వారికి నెలకు 950 రూపాయల నుంచి 1,330 రూపాయలకు, 8 నుంచి 10 తరగతుల వారికి 1,100 నుంచి 1,540 రూపాయలకు, ఇంటర్‌ నుంచి పీజీ వరకు 1,500 నుంచి 2,100 రూపాయలకు చార్జీలు పెరిగాయి. 2024 డిసెంబరు 14న ఉమ్మడి భోజన పట్టిక అమలులోకి వచ్చింది. పెరిగిన మొత్తం విద్యార్థి పళ్లెం దాకా చేరాలంటే బిల్లులు సకాలంలో రావాలి, వంటగదిలో శుభ్రమైన నీరుండాలి, సరుకు వచ్చిన రోజే తనిఖీ జరగాలి. ఘటన జరిగిన తరువాత చేసే తనిఖీ కంటే ముందురోజు చేసేదే పిల్లవానిని కాపాడుతుంది.

రక్తహీనతకు ఒకే మందు లేదు

గర్భిణిలో హిమోగ్లోబిన్‌ 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతగా, 7 గ్రాముల కంటే తక్కువైతే తీవ్ర రక్తహీనతగా పరిగణిస్తారు. 2018లో ప్రారంభమైన రక్తహీనత ముక్త భారత్‌ కార్యక్రమం కింద గర్భిణికి 180 రోజుల పాటు ఐరన్‌, ఫోలిక్‌ యాసిడ్‌ మాత్రలు, కిశోర బాలికలకు వారానికొక మాత్ర, పిల్లలకు నులిపురుగుల నివారణ మాత్రలు ఇస్తున్నారు. 2022 డిసెంబరు 21న కామారెడ్డిలో న్యూట్రిషన్‌ కిట్ల పథకాన్ని ప్రారంభించినప్పుడు, రక్తహీనత అధికంగా ఉన్న తొమ్మిది జిల్లాలను ముందుగా ఎంపిక చేశారు. వాటిలో ఆదిలాబాద్‌, కుమ్రం భీం ఆసిఫాబాద్‌ కూడా ఉన్నాయి. ఖర్జూరం, నెయ్యి, పోషకాల పొడి, ఐరన్‌ సిరప్‌ ఆ కిట్‌లో ఉండేవి. 2023లో ఈ పథకం మిగిలిన జిల్లాలకు విస్తరించింది.

మాత్ర ఇచ్చినంత మాత్రాన రక్తం పెరగదన్నది క్షేత్రస్థాయి సిబ్బందికి తెలిసిన విషయమే. కడుపులో వికారం, నల్లని మలం చూసి భయపడి మానేసేవారు ఉన్నారు. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. మలేరియా, నులిపురుగులు ఉన్నంత కాలం ఎక్కిన రక్తం తిరిగి తగ్గుతూనే ఉంటుంది. వీటన్నిటికీ తోడు గోండు, కొలాం తదితర గిరిజనులలో వంశపారంపర్యంగా వచ్చే సికిల్‌ సెల్‌ రక్తహీనత ఉన్నది. అది ఇనుము లోపం వల్ల వచ్చేది కాదు. ఐరన్‌ మాత్రలతో నయం కాదు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్‌ సెల్‌ నిర్మూలన మిషన్‌ కింద గిరిజన ప్రాంతాలలో రక్తపరీక్షలు చేపట్టారు. ఎవరికి ఏ కారణంగా రక్తం తక్కువగా ఉన్నదో తెలుసుకోకుండా అందరికీ ఒకే మందు పంచడం ఖర్చును పెంచుతుందే తప్ప ఫలితాన్ని కాదు.

స్థానిక పంటకు స్థానిక వంట

ఇటీవలి ప్రయత్నాలలో ఆశాజనకమైనవి స్థానిక ఆహారానికి తిరిగి చోటు కల్పించినవే. ఇక్రిశాట్‌ సహకారంతో ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఐటీడీఏల పరిధిలో అమలైన గిరి పోషణ కార్యక్రమంలో జొన్నలు, ఇతర చిరుధాన్యాలు, పప్పులతో తయారైన వంటకాలను అంగన్‌వాడీలకు అందించారు. వాటి తయారీలో ఆదివాసీ మహిళలకే ఉపాధి కల్పించారు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో చేస్తున్న లడ్డూలు పేరు తెచ్చుకున్నాయి. ఆదిలాబాద్‌ మహిళలు ఇప్పపువ్వుతో చేస్తున్న వంటకాలను ప్రధానమంత్రి 2025 మార్చి 30 నాటి మన్‌ కీ బాత్‌ ప్రసంగంలో ప్రస్తావించారు. 2025 మే నెలలో ప్రారంభమైన ఇందిరమ్మ అమృతం పథకం కింద 14 నుంచి 18 ఏళ్ల బాలికలకు పల్లి, చిరుధాన్యాల పట్టీలు ఇవ్వడానికి ఎంపికైన మూడు జిల్లాలలో ఆసిఫాబాద్‌ ఒకటి. రేపటి తల్లి అయిన బాలికను వివాహానికి ముందే చేరుకోవడం ఈ పథకంలోని ప్రత్యేకత.

వంటకం మారినంత మాత్రాన చాలదు, చేను కూడా మారాలి. 2025-26లో హైబ్రిడ్‌ జొన్నకు కేంద్రం క్వింటాలుకు 3,699 రూపాయలు, సాధారణ వరికి 2,369 రూపాయలు మద్దతు ధరగా ప్రకటించింది. జొన్న ధర ఎక్కువే. రైతు చూసేది మాత్రం ధరను ఒక్కదానినే కాదు. కొనేవారు ఏటా నిలకడగా వస్తారా, పిట్టల కావలి ఎవరు కాస్తారు, దిగుబడి ఎంత అన్నవి కూడా చూస్తాడు. వరికి ఉన్నంత నమ్మకమైన కొనుగోలు జొన్నకు దొరికి, ఆ జొన్న అదే మండలంలోని అంగన్‌వాడీకి, ఆశ్రమ పాఠశాలకు చేరిననాడు రైతుకు, బిడ్డకు ఒకే పథకంతో మేలు జరుగుతుంది.

కరీంనగర్‌లో మరో ముఖం

గోదావరికి ఈవల సమస్య మరో రూపంలో ఉన్నది. అయిదవ సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో 18.8 శాతం మంది ఉండవలసిన దానికంటే తక్కువ బరువుతో ఉండగా, 30.1 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. 57.6 శాతం మందిలో రక్తహీనత ఉన్నది. అంటే ఒళ్లు చేసినవారిలో కూడా రక్తం తక్కువగా ఉన్నవారు ఉన్నారు. మూడు పూటలా అన్నం, తగ్గిన ఒంటి శ్రమ, నూనె పదార్థాలు కలిసి మధుమేహం, రక్తపోటులకు దారి తీస్తున్నాయి.

2023 మార్చి 8న ఆరోగ్య మహిళ కార్యక్రమానికి కరీంనగర్‌లోనే శ్రీకారం చుట్టారు. ప్రతి మంగళవారం మహిళలకు ప్రత్యేకంగా పరీక్షలు జరిపే ఈ క్లినిక్‌లలో సూక్ష్మ పోషక లోపాల గుర్తింపు కూడా ఒక భాగం. జిల్లాలో అంగన్‌వాడీ కేంద్రాల వద్ద నిర్వహించిన శుక్రవారం సభలు మహిళలను ఈ పరీక్షల వైపు నడిపించాయి. ఇంటిలో అందరికీ వండి పెట్టే మహిళ తన ఆరోగ్యం గురించి అడగడానికి ఒక రోజు, ఒక చోటు ఉండడం చిన్న విషయం కాదు.

లెక్క మారాలి

ఈ కార్యక్రమాల గురించి ప్రజలకు తెలియజేసే బాధ్యత గల శాఖలో పనిచేస్తున్నవారిగా ఒక విషయం అంగీకరించక తప్పదు. మన పత్రికా ప్రకటనలలో ఇన్ని టన్నుల బియ్యం, ఇన్ని లక్షల గుడ్లు, ఇన్ని వేల కిట్లు అన్న అంకెలే ఎక్కువగా ఉంటాయి. అవి అవసరమే. అయితే అవి ప్రభుత్వం ఇచ్చిన వాటి లెక్క. ప్రజల ఒంటికి పట్టిన వాటి లెక్క వేరే ఉన్నది. ఒక మండలంలో అయిదవ నెలలో నమోదైన గర్భిణి హిమోగ్లోబిన్‌ తొమ్మిదవ నెలకు ఎంత పెరిగింది? రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలెందరు? ఏడాది నిండిన బిడ్డ ఎత్తు ఎంత? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు అంగన్‌వాడీ, ఏఎన్‌ఎం, ఆసుపత్రి రికార్డులలో విడివిడిగా ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి సమీక్షించడం అధికారుల వంతు. సమీక్ష సమావేశం ముగిసిన తరువాత ఆ మూడు అంకెలు అడగడం పాత్రికేయుల వంతు.

బియ్యం అందించిన యంత్రాంగానికి పోషణ అందించడం అసాధ్యం కాదు. ఆకలిని జయించడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. పోషణకు అంత వ్యవధి లేదు. నేడు ఏజెన్సీ గూడెంలో తల్లి గర్భంలో పడిన బిడ్డకు ఉన్నది వెయ్యి రోజులే.